రుద్ది చదవవలసిన వెబ్ పేజీ

ఆ రోజుల్లో ఎన్ని రంగులు పూస్తే అంత పనితనం అనుకునేదాన్ని. నెల్లూరులో కంప్యూటర్ కోర్సు ముగించి మా ఊరు కోటకు తిరిగొచ్చిన కొత్తల్లో, మా చర్చి పాస్టరుగారు ఈస్టరు లోపల చర్చికి ఒక వెబ్ పేజీ చేసిపెట్టమన్నారు. నా మొదటి పని అది. (ఆ పూట నుంచి ఇంట్లో నన్ను అంట్లు తోమమన్నవాళ్లు లేరు.) మూడు రోజుల్లో నేను రాసింది నాలుగే వాక్యాలు, మిగతా కాలమంతా నీలాలు ఎంచుకోవడానికే సరిపోయింది. చివరికి వెనక నేనే తీసిన అలల ఫొటో పెట్టి, దాని మీద లేత నీలం అక్షరాలు పరిచాను. రాసింది నేనే కాబట్టి నాకు ప్రతి అక్షరమూ కనబడింది.

ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలంతా లాప్‌టాప్ చుట్టూ చేరారు. పాటల బృందాన్ని నడిపే మా పెద్దమ్మ కళ్లజోడు సర్దుకొని, "సముద్రం బాగుండాది పాపా. రాసింది యాడుంది?" అంది. నా చేతిలో నొక్కిపట్టిన మౌసు జారి అక్షరాల మీదుగా పోయింది. పోయినంత మేరా ముదురు రంగు పడి అక్షరాలు తేలాయి. పరువు దక్కే దారి దొరికింది.

"ఇట్లా రుద్దితే కనపడతాయి పెద్దమ్మా. ఇప్పుడందరూ ఇట్లే చేస్తా ఉండారు," అన్నాను.

పాస్టరుగారు తలూపి, ఇక చర్చిలో ప్రకటనలు అక్కర్లేదని, 'రుద్ది చదువుకోండి' అన్న సూచనతో లింకు అందరి ఫోన్లకూ పంపించారు.

ఫోన్లో ఎంత రుద్దినా పేజీ కిందికీ పైకీ కదిలిందే కాని అక్షరం తేలలేదు. ఆ ఏడు ఈస్టరు ఆరాధన ఉదయం ఐదింటికి సముద్రపు ఒడ్డున అన్నది ఆ నాలుగు వాక్యాల్లో ఒకటి. ఐదింటికి ఒడ్డున ఉన్నది పాస్టరుగారు, పెద్దమ్మ, నేను. (పాటల బృందం మొత్తం గొంతులూ పెద్దమ్మే పాడింది.) తక్కినవాళ్లు ఎప్పటిలా ఎనిమిదింటికి చర్చికి వెళ్లి, తాళం చూసి, ఫోన్ చేసి కనుక్కొని, ఎండలో ఇసుక తొక్కుకుంటూ వచ్చారు. రుద్దడం నేను అప్పటికప్పుడు కల్పించిన మాటేనని అప్పుడు నిజం చెప్పేశాను. పాస్టరుగారు ప్రసంగం మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టారు. పెద్దమ్మ మాత్రం నా చెవి దగ్గరికి వంగి, "ఆ మాట మొన్ననే చెప్పుంటే అయిపోయేది గదా," అంది.

ఇప్పుడు వెబ్ పేజీలు చేయడమే నా ఉద్యోగం. మొన్న ఒక రొయ్యల చెరువుల యజమాని ఎర్రటి పేజీ మీద పసుపు అక్షరాలు కావాలని వచ్చారు. తెలుపు మీద నలుపు ఎందుకు మేలో ఓపిగ్గా చెప్పాను. అంతా విని ఆయన, "మీకు రంగులంటే పెద్ద ఇష్టం లేనట్టుండాది మేడం," అన్నారు.

నేను కాదనలేదు.