ఆర్కిడ్లకు నీళ్లు బంద్

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను ఉద్యాన అధికారిగా అశ్వారావుపేట వైపు ఒక నర్సరీకి బదిలీ చేశారు. చుట్టూ పామాయిల్ తోటలు, వాటి వెనక అడవి. నర్సరీలో పనంతా పామాయిల్ మొక్కలదే. ఒక మూల, ఎండ తగలకుండా వల కప్పిన షేడ్‌నెట్‌లో మాత్రం అరవై కుండీల డెండ్రోబియం ఆర్కిడ్లు ఉండేవి. చల్లని కొండల్లో పుట్టిన జాతి అది. మన దగ్గర పూస్తుందో లేదో చూడమని పైనుంచి పంపారు. ఛార్జి అప్పగించిన అధికారి తాళంచెవి నా చేతిలో పెట్టి, ఇక మీ అదృష్టం మేడం అని నవ్వారు. ఆయన ఉన్నన్నాళ్లూ ఒక్క పువ్వూ రాలేదు.

నాకు బెరుకేమీ కలగలేదు. చదువుకునే రోజుల్లో ఈ జాతి మీదే పనిచేశాను. దీనికి మట్టి అక్కర్లేదు. కొబ్బరి పీచు, కర్రబొగ్గు ముక్కలు చాలు. బొగ్గు గనులున్న కొత్తగూడెం నుంచి చూడవచ్చినవాళ్లు మా బావి బొగ్గు వేయరాదా అని ఆటపట్టించేవారు. చెరకులాగా కణుపులున్న కాడలు నిలువుగా పెరుగుతాయి. వానాకాలమంతా నీళ్లు, ఎరువు పుష్కలంగా ఇవ్వాలి. కార్తీకం దాటాక రెండూ ఆపేయాలి. చలిలో ఎండిన కాడ కణుపు దగ్గర మొగ్గ తొడుగుతుంది. అప్పుడు కూడా మేపుతూ పోతే మొగ్గ రావలసిన చోట పిల్ల మొక్క వస్తుంది. మొక్క పచ్చగా కళకళలాడుతుంది గాని పువ్వుండదు. మా ప్రాంతంలో ఎండలు ఎంత మండినా డిసెంబరు, జనవరి రాత్రులు బాగానే చల్లబడతాయి. ఆ రెండు నెలలూ వాడుకుంటే పూలు వచ్చి తీరుతాయని నా లెక్క.

షేడ్‌నెట్ పని చూసేది సమ్మక్క. నలభై దాటిన మనిషి, ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి. ఆమె పేరు ఏటా మార్చి నెలాఖరులో మళ్లీ రాస్తేనే ఏప్రిల్ నుంచి పని ఉంటుంది. భర్తకు నడుము పడిపోయి మంచాన ఉన్నాడు, ఆమె జీతమే ఆ ఇంటికి ఆధారం. పనిలో వంక పెట్టడానికి ఉండేది కాదు. నవంబరు చివర్లో ఒకరోజు గుమ్మంలోనే నిలబడి, "సమ్మక్కా, ఇవాళ్టి నుంచి వీటికి నీళ్లు బంద్, ఎరువు బంద్. నేను చెప్పేదాకా" అన్నాను. "అవ్ మేడం" అంది. జీపు ఆగి ఉంది, వెళ్లిపోయాను. పామాయిల్ మొక్కల పంపిణీ కాలం కావడంతో ఆ తర్వాత రెండు నెలలు ఆ మూలకు సరిగా వెళ్లనే లేదు.

ఫిబ్రవరిలో వెళ్లి చూసేసరికి ఒక్క మొగ్గ లేదు. ప్రతి కాడకూ రెండు మూడు పిల్ల మొక్కలు, తెల్లటి వేళ్లు వేలాడేసుకుని. సమ్మక్క ముఖం వెలిగిపోతోంది. "అన్ని పిల్లలు పెట్టినయ్ మేడం, సూడుండ్రి" అంది. నాకు ఒళ్లు మండింది. నీటి రిజిస్టరు తెప్పించాను. నర్సరీలో ఏ గడికి ఏ రోజు ఎంత పంపు నీళ్లు పెట్టిందీ రాసే పుస్తకం అది. రెండు నెలలూ వరుసగా 'నీళ్లు లేవు' అని ఆమె సంతకాలతో ఉంది. కుండీ ఎత్తి చూస్తే అడుగున పీచు తడిగా తగిలింది. పైన ఒకటి రాసి కింద ఇంకొకటి చేస్తే ఊరుకునే మనిషిని కాను. ఆదేశం ధిక్కరించి రిజిస్టరులో తప్పు రాసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని మెమో టైపు చేయించి, నంబరు వేయించి, ఆమె చేతికిచ్చాను. ఫైల్లో మెమో ఉన్నవారి పేరు ఏప్రిల్ జాబితాలోకి ఎక్కదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

మూడో రోజు ఆమె నా గదిలోకి వచ్చింది. ఆమె చెబుతుంటే గుమాస్తా రాసుకోవాలి.

"నేను అబద్ధం రాయలే మేడం. పంపు నీళ్లు ఒక్క సుక్క ముట్టలే. ఇంట్ల బియ్యం కడిగిన నీళ్లు సీసల తెచ్చి పోసిన, గంతే. ఆకులు పండుబారి రాలవట్టినయ్, కాడలు ముడతలు వడ్డయ్. రోజు సూసుకుంట ఉండాలె గద, పానం ఒప్పలే."

గుమాస్తా కలం ఆపి నా వైపు చూశాడు. నాకు నవ్వాలో తల కొట్టుకోవాలో తెలియలేదు. ఇంట్లో తులసికీ కరివేపాకుకూ పోసే నీళ్లే అవి, ఈ పక్క ఏ ఇంట్లోనూ పారబోయరు. కాని ఉత్త నీళ్లకన్నా అవే ఎక్కువ చెరుపు చేశాయి. నోరు కట్టుకోవలసిన మొక్కకు ఆమె రెండు నెలలు జావ తాగించింది. ఆకు పండుబారడం, కాడ ముడుచుకోవడం మంచి గుర్తులని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసింది నేనే.

కూర్చోమని చెప్పి, మొగ్గ ఎలా వస్తుందో, పిల్ల ఎందుకు వస్తుందో ఒక కాడ తెప్పించి చూపించాను. ఆమె కణుపు మీద వేలు పెట్టి కాసేపు చూసింది.

"సండ్రుగొండల మా తల్లిగారింట్ల మల్లెతోట ఉండె మేడం. సలికాలం నీళ్లు బంద్ పెట్టి ఆకు దూస్తం. అప్పుడే మొగ్గ కడ్తది. గిది గూడ గదేనా?"

అదే అన్నాను.

"గీ ముచ్చట అప్పుడే సెప్తే అయిపోవు గద."

 నిజంగానే సిగ్గేసింది.

మెమో చించేస్తే పోయేది కాదు. నంబరు పడిన కాగితాన్ని మరో నంబరు కాగితంతోనే ముగించాలి. మా జిల్లా అధికారి, మంచి మనిషే, మామూలు వాక్యం రాసెయ్యమన్నారు: సంజాయిషీ స్వీకరించి ఇకపై జాగ్రత్తగా ఉండవలసిందిగా హెచ్చరించడమైనది. అందులో ఆ 'హెచ్చరించడమైనది' ఫైల్లో మచ్చగా మిగులుతుంది. నేను వేరేగా రాశాను. నమోదులో తప్పు లేదు, ఆదేశానికి కారణం వివరించకపోవడం ఆదేశమిచ్చిన అధికారి లోపం, మెమో ఉపసంహరించడమైనది. ఆయన రెండుసార్లు చదివి, మీకు మీరే మెమో ఇచ్చుకున్నారే అన్నారు. అవునన్నాను. ఏప్రిల్ జాబితాలో సమ్మక్క పేరు ఉంది.

ఆ ఎండాకాలం తడి గోనెపట్టాలు కట్టి, బల్లల కింద ఇసుక పరిచి తడిపి, మొక్కల్ని గట్టెక్కించాం. నాలుగు కుండీలు పోయాయి. కార్తీకం వెళ్లగానే సమ్మక్క నన్ను అడక్కుండానే షేడ్‌నెట్‌లో పంపు విప్పేసి తెచ్చి ఆఫీసులో పెట్టింది. జనవరిలో తనిఖీకి వచ్చిన జిల్లా అధికారి ముడతలు పడ్డ కాడల్ని చూసి జాలిపడి చేతిలోని సీసా మూత తీశారు. "సీస మూత వెట్టుండ్రి సార్. ఉపాసమున్నయ్" అంది సమ్మక్క. ఆయన మూత పెట్టేశారు. ఆమె ఆయన్ని వదల్లేదు. కణుపు చూపిస్తూ మల్లె దగ్గర మొదలుపెట్టి మొత్తం చెప్పింది. నేను చెప్పినదానికన్నా బాగా చెప్పింది.

శివరాత్రి ముందు వారం మొగ్గలు కనిపించాయి. యాభై ఆరు కుండీల్లో నలభై పైగా పూశాయి, తెల్లటి రేకులు, కొసలు ఊదా. వేసవి చాకిరీ చూస్తే రైతుకు గిట్టుబాటయ్యే పంట కాదని, పూయడం మాత్రం తప్పకుండా పూస్తుందని నివేదిక పంపాను. పని చేసినవారు అన్న గడిలో సమ్మక్క పేరు రాశాను.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేనిచ్చిన ప్రతి ఆదేశం కింద 'ఎందుకనగా' అని ఒక వాక్యం ఉండేది. నీళ్లు బంద్ అనడానికి అర నిమిషం పడుతుంది, ఎందుకో చెప్పడానికి పది నిమిషాలు. ఆ పది నిమిషాలు మిగుల్చుకోబోయి ఒక ఏడాది పూలు పోగొట్టాను, ఒక మనిషి కూడు పోగొట్టబోయాను.