పాదెహి కొమ్ములు తొడిగిన రోజు

యంపా చేసిన విల్లు పట్టుకుంటే పొట్టేలు తనంతట తానే వచ్చి ఎదురుగా నిలబడుతుందని గాలినది కొండల్లో చెప్పుకునేవారు. అది ఒట్టి మాట. కొండ పొట్టేలు ఎవరి కోసమూ వచ్చి నిలబడదు. విల్లు మంచిదన్నది మాత్రం నిజం. మమ్మల్ని గొర్రెలు తినేవాళ్ళని వెక్కిరించే మైదానాల గుర్రాలవాళ్ళే ఆమె చేసిన ఒక్క కొమ్ము విల్లుకి అయిదు గుర్రాలిచ్చి, తామే లాభపడ్డామని నవ్వుకుంటూ దిగిపోయేవారు. ఆ గుర్రాలు ఈ రాళ్ళలో ఎందుకూ పనికిరావు. చలికాలంలో మేం వాటిని కూడా తినేశాం.

తెల్లవాళ్ళ బళ్ళు కింద మైదానంలో అప్పుడప్పుడే కనబడుతున్న రోజులవి. యంపా విల్లు పని తండ్రి దగ్గర నేర్చుకుంది. పొట్టేలు కొమ్ముని వేడినీటి బుగ్గలో నానబెట్టాలి. వంకర తీసి, రాతితో నెలల తరబడి గీకి పలచన చెయ్యాలి. రెండు ముక్కలు అతికించి, వీపు మీద గొర్రె వెన్నునరాలు పొరలు పొరలుగా జిగురుతో అంటించాలి. తొందరపడితే మొత్తం పాడు. మెత్తని మనిషి కాబట్టే ఆమెకి అంత ఓపిక ఉందని జనం అనుకునేవారు. ఆమె ఓపికకీ మెత్తదనానికీ ఏ సంబంధమూ లేదని చాలా ఏళ్ళ తర్వాత గాని వాళ్ళకి తెలియలేదు.

ఆమె మొగుడు తోసా మంచి వేటగాడు, నోటి దురుసు మనిషి. ఆకురాలే కాలంలో పొట్టేళ్ళు ఆడవాటి కోసం తలలు బద్దలు కొట్టుకుంటున్నప్పుడు మావాళ్ళు ఇద్దరిద్దరుగా కొండ ఎక్కుతారు. ఒకడు పొట్టేలు తోలు కప్పుకుని, కొమ్ములతో సహా దాని తల తొడుక్కుని, గట్టు మీద కూర్చుని రెండు కొమ్ములు టకటకా కొడతాడు. ఎక్కడో పోట్లాట జరుగుతోందనుకుని అసలు పొట్టేళ్ళు పరుగెత్తుకొస్తాయి. రెండోవాడు వెనక రాళ్ళలో విల్లు పట్టుకుని కాచుకుంటాడు. ఆ ఏడు కొమ్ములు తొడిగింది తోసా. వెనక కూర్చుంది అతని చిన్నాన్న కొడుకు పాదెహి. పాదెహి వేసిన బాణం తోసా మెడలో దిగింది.

"పొట్టేలనుకున్నాను," అన్నాడు పాదెహి. తలనిండా బూడిద పోసుకుని యంపా గుడిసె ముందు మూడు రోజులు కూర్చున్నాడు. తన మేలురకం కుక్కని ఇచ్చాడు. ఆ చలికాలమంతా తన వాటా మాంసం తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టాడు. పొరపాటు జరిగిందని జనం అన్నారు. ఇలాంటివి ఇంతకు ముందూ జరిగాయన్నారు.

యంపాకి ఆ పొరపాటన్న మాట వింటేనే ఒళ్ళు మండేది. తోసా శవాన్ని కడిగింది ఆమె. గొర్రెల్ని కోసీ కోసీ, వేటగాడు ఎక్కడ కొడతాడో తెలిసిన చేతులవి. పొట్టేలుని భుజం వెనక, కింద కొడతారు. మెడ మీద ఎవడూ కొట్టడు. పైగా ఆ వేళ నిజం పొట్టేళ్ళు రెండు తోసా పక్కనే నిలబడి ఉన్నాయని పాదెహే చెప్పాడు. రెండు నిజంవాటిని వదిలి మూడోదాన్ని కొట్టాడట. ఇరవై ఏళ్ళుగా వేటాడుతున్నవాడు.

ఇంకొకటి కూడా ఆమె మరిచిపోలేదు. ఆ వేసవిలో మాంసం పంచేటప్పుడు ఎవరి బాణం ముందు తగిలిందని తగువు వచ్చింది. "నీ బాణం తగిలింది రాయికిరా. పో, ఆ రాయిని కోసి పంచిపెట్టుకో," అన్నాడు తోసా. అందరూ పడీపడీ నవ్వారు. పాదెహి ముఖం నల్లబడిపోయింది. "నా బాణం ఎక్కడ తగులుతుందో చూపిస్తాలే," అని లేచిపోయాడు. చూపించాడు కదా అనుకుంది యంపా. నాలుగేళ్ళూ అదే అనుకుంది. ఆమెకి పాదెహి ప్రాణం కావాలి. మరొకటి అక్కర్లేదు.

అయిదో ఏడు మంచు కరిగే రోజుల్లో పాదెహే ఆమె గుడిసెకి వచ్చాడు.

"వదినా, నా విల్లు పని అయిపోయింది. ఎంత లాగినా బాణం పడాల్సిన చోట పడటం లేదు. కుర్రకారు నవ్వుతున్నారు."

"విల్లు తప్పా అది?"

"విల్లుదే," అన్నాడు పాదెహి తడుముకోకుండా. "నువ్వు చేసి పెట్టాలి. అడగడానికి నాకు ముఖం లేదనుకో. కానీ నువ్వు తప్ప చేసేవాళ్ళెవరున్నారు?"

ముఖం లేదంటూనే అడిగే మనిషి ధైర్యం చూసి యంపాకి వాణ్ణి గుమ్మంలోంచి గెంటెయ్యాలనిపించింది. పైకి మాత్రం, "చేస్తాలే," అంది.

కొమ్ము బుగ్గలో వేసిన రోజు తోసా మేనత్త హైవి కర్ర పొడుచుకుంటూ వచ్చి గట్టున కూలబడింది. పళ్ళు లేకపోయినా కబుర్లకి కొదవలేని ముసలమ్మ.

"ఏం అమ్మాయ్, వాడికి విల్లు చేస్తున్నావట. మొత్తానికి మెత్తబడ్డావన్నమాట."

"నానుతున్నది కొమ్ము అత్తా, నేను కాదు."

"ఆ మాట వాడికి చెప్పావా?"

"వాడు అడగలేదు."

హైవి బోసినోటితో నవ్వి, కాసేపు ఆమె చేతుల వంకే చూసి, లేచి వెళ్ళింది.

విల్లు విరిగేలా చెయ్యడం యంపాకి చిటికెలో పని. నరాల పొర కింద వెంట్రుకవాసి బీట వదిలితే చాలు, గట్టిగా లాగిన రోజున కొమ్ము పేలి ముఖం చీరేస్తుంది. ఆ ఆలోచన ఆమెకి రాకపోలేదు, చాలాసార్లు వచ్చింది. కాని అలా అయితే చంపింది విల్లు అవుతుంది, తను కాదు. పాదెహి చివరి క్షణంలో కూడా విల్లుదే తప్పనుకుని చస్తాడు. ఆమెకి అది చాలదు. అందుకని తన జన్మలో చేసిన విళ్ళన్నిటిలోకీ గొప్ప విల్లు చేసింది. వేసవంతా ఒక్క రోజు కూడా నాగా పెట్టలేదు.

మాలో ఒక పద్ధతి ఉంది. విల్లు వెల ముందు చెప్పరు. కొన్నవాడు మొదటి బాణం వేశాక, అందరి ముందూ చేసినవాళ్ళు అడుగుతారు. అడిగింది కాదనడానికి లేదు. మామూలుగా ఏ తోళ్ళో, కుక్కో అడుగుతారు. ఆ వేళ ఏడు గుడిసెలవాళ్ళూ బయటికొచ్చి నిలబడ్డారు. పాదెహి నారి లాగి వదిలాడు. మొదటి బాణం ఎంత దూరం పోయిందో చూస్తారు గాని, గురి ఎవరూ చూడరు. లోయ దాటి అవతలి గట్టు మీద పడిందది. జనం నోళ్ళు తెరిచారు.

"వెల చెప్పు వదినా," అన్నాడు పాదెహి, ముఖం వెలిగిపోతుంటే.

"ఈ ఆకురాలే కాలంలో మనిద్దరం కొండెక్కుదాం. కొమ్ములు నువ్వు తొడుగు. ఈ విల్లు పట్టుకుని నేను వెనక కూర్చుంటాను."

పాదెహి పెళ్ళాం చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"భయమా?" అంది యంపా. "భయం దేనికి? పొరపాట్లు జరుగుతుంటాయి కదా."

కాదంటే ఏమవుతుందో పాదెహికి తెలుసు. ఆనాటిది పొరపాటు కాదని తన నోటితో తనే ఒప్పుకున్నట్టు.

"తొడుగుతాను," అన్నాడు.

పొట్టేళ్ళు డీకొట్టుకునే చప్పుడు మొదలైన మూడో రోజు తెల్లవారగానే బయల్దేరారు. దారంతా పాదెహి ఆమె మడమలు తొక్కేంత దగ్గరగా నడిచాడు. దూరం పెరిగితే వెనక్కి తిరిగి బాణం వేస్తానని భయం కాబోలు అనుకుంది యంపా. మొగుణ్ణి చంపినవాడి ఊపిరి మెడకి తగులుతుంటే ఆమెకి ఒళ్ళంతా జెర్రులు పాకినట్టుంది. తోసా చచ్చిన గట్టు మీదికే తీసుకెళ్ళింది. అతనికి ఆ గట్టు తెలియదా? తెలుసు. అయినా నడిచాడు.

పాదెహి తోలు కప్పుకుని, తల తొడుక్కుని, గట్టు చివర కూర్చున్నాడు. యంపా ముప్పై అడుగుల వెనక రాళ్ళలో ఒదిగి బాణం సంధించింది. నల్లగాజురాతి మొన అతని వెన్ను మీదికి తిప్పింది. కొమ్ములు టకటకా మోగాయి. పొట్టేలు వచ్చాక వెయ్యాలని ముందే అనుకుంది. పక్కన నిజం పొట్టేలు నిలబడి ఉండగా వెయ్యాలి. అంతా అచ్చం అలాగే జరగాలి. తర్వాత కిందికి దిగి తలనిండా బూడిద పోసుకుని మూడు రోజులు వాడి గుమ్మంలో కూర్చుంటుంది. వాళ్ళకి కుక్కని కూడా ఇస్తుంది.

ఎంతోసేపు పట్టలేదు. ఎడమ పక్కనుంచి పెద్ద పొట్టేలు దిగొచ్చింది. కొమ్ములు చుట్టు తిరిగి దవడ దాటి ఉన్నాయి. పాదెహికి పదడుగుల్లో, సరిగ్గా అతని ముఖానికెదురుగా వచ్చి నిలబడింది. యంపా నారి చెవిదాకా లాగింది.

అంత దగ్గరికి వచ్చాక కొమ్ములు కొట్టడం ఆపాలి. పసివాళ్ళకి కూడా తెలుసు. పాదెహి ఆపలేదు. ఇంకా గట్టిగా కొడుతున్నాడు. పొట్టేలు తల వంచి, వింతగా అతన్నే చూస్తోంది. అతను దాని వైపే తిరిగి ఉన్నాడు. తిరిగే ఉండి, వెనకనున్న ఆమెని మెల్లిగా అడిగాడు.

"వచ్చిందా వదినా?"

ఆ గొంతు విని పొట్టేలు బెదిరి, ఒక్క గెంతులో రాళ్ళెక్కి మాయమైపోయింది. యంపా లాగిన నారి వదల్లేదు. కాసేపు అలాగే పట్టుకుని, చివరికి మెల్లిగా దించింది. లేచి అతని ముందుకొచ్చి నిలబడింది.

"నీ ముందు ఏముందిరా?"

"రాళ్ళు."

"పొట్టేలు నిలబడి నీ ముఖంలోకి చూసి పోయింది."

పాదెహి తొడుక్కున్న తల తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎదురుగా నిలబడ్డ ఆమె ముఖం కోసం అతని చూపు అటూ ఇటూ వెతుక్కుంది. నాలుగేళ్ళుగా ఆ చూపుని ఆమె పాపభయం అనుకుంది.

"ఎప్పట్నించి?"

"తోసా పోయిన ఏటికి ముందు చలికాలం. మంచు మీద ఎండకి కళ్ళు పోయాయి. మావిడ మూలికలు కట్టింది. కొంచెం వచ్చింది, మళ్ళీ పోయింది. అప్పుడు దూరానిదంతా పాలు పోసినట్టుండేది, ఇప్పుడు దగ్గరిది కూడా అంతే."

"ఆ రోజు మూడు పొట్టేళ్ళు చూశానన్నావు."

"మూడు మసకలు చూశాను. కదిలినదాన్ని కొట్టాను."

"కళ్ళు లేవని ఒక్క మాట చెప్పడానికేంరా నీకు?"

"ఎలా చెప్పమంటావు వదినా? నా బాణం రాయికి తగిలిందని అంటేనే అందరూ అంత నవ్వారు. కళ్ళు లేనివాణ్ణి వేటగాడని ఎవరంటారు?"

యంపాకి అతన్ని అక్కడే లోయలోకి తోసెయ్యాలనిపించింది. పగతో చంపినవాడైతే ఆమెకి అర్థమయ్యేవాడు. తన మొగుడి ప్రాణం ఖరీదు వీడి పగ కూడా కాదు. నలుగురు నవ్వుతారన్న సిగ్గు. అంతే. ఆ సిగ్గు దాచుకోవడానికి కొత్త విల్లు చేయించుకున్నాడు, అదీ ఆమె చేతనే. ఆమె జీవితంలో ఎన్నడూ అంత కోపం ఎరగదు. ఏడుపూ వచ్చింది. ఏడ్చింది కూడా, అతని ముందే, ఎలాగూ వాడికి కనబడదని.

"నన్ను చంపెయ్యి వదినా," అన్నాడు పాదెహి. "ఎవరూ ఏమీ అనుకోరు. పొరపాటంటారు."

"అంత సుఖంగానా?" అంది యంపా. విల్లు ఒక కొస అతని చేతిలో పెట్టింది. "పట్టుకో. నీదే కదా."

రెండో కొస తను పట్టుకుని కొండ దించింది. గుడిసెల దగ్గరికి వచ్చేసరికి పొద్దు నడినెత్తిన ఉంది. అందరూ బయటే ఉన్నారు. ఇద్దరూ ప్రాణాలతో రావడం చూసి పాదెహి పెళ్ళాం పరుగెత్తుకొచ్చింది. యంపా చెయ్యెత్తి ఆమెని ఆపింది. పాదెహి గుడిసె దగ్గరగానే ఉంది. అటు తిప్పలేదు. ఆ చివరనున్న హైవి గుడిసె ముందు ఆగింది.

"ఇదేంటమ్మాయ్, వాణ్ణి పసివాడిలా నడిపించుకొస్తున్నావు?" అంది హైవి.

"చెప్పు," అంది యంపా.

"నాకు కళ్ళు కనబడవత్తా," అన్నాడు పాదెహి. "తోసాని కొట్టినప్పుడూ కనబడవు. తెలిసీ చెప్పలేదు."

ముసలమ్మ చేతిలో కర్ర జారి కింద పడింది. యంపా ఆగలేదు. రెండో గుడిసె ముందు మళ్ళీ చెప్పించింది. అక్కడ కుర్రకారు ఉన్నారు. ఎవరూ నవ్వలేదు, పాదెహికి అది ఇంకా కష్టమైంది. మూడో గుడిసె ముందు అతను వెనక్కి తిరగబోయాడు. యంపా తొందరపెట్టలేదు. విల్లు కొస పట్టుకుని అలాగే నిలబడింది. అతను చెప్పేదాకా నిలబడింది. ఇంకా నాలుగు గుడిసెలున్నాయి. చివరిది అతనిదే, అతని పిల్లలు గుమ్మంలో కూర్చుని ఉన్నారు.

"నడు," అంది యంపా.