ఎనిమిది నెలల ‘శుభ్రం’

ఆ పరిశోధనాలయం మూడో అంతస్తులో, వరండా చివరన కిటికీ లేని గది ఒకటుంది. తలుపు వేస్తే లోపల మైక్రోస్కోప్ వెలుగు తప్ప మరో వెలుగుండదు. ఇరవై ఏడేళ్ళుగా ఆ గదిలో ఒక టెక్నీషియన్ పనిచేస్తున్నాడు. పొద్దస్తమానం చీకట్లో కూర్చుంటాడని ఎప్పుడో ఎవరో ఆయనకు చీకటి బాబాయి అని పేరు పెట్టారు. కొత్తగా చేరినవాళ్ళు మొదటి వారం ‘సార్’ అనేవారు, రెండో వారానికల్లా వాళ్ళకీ బాబాయే. ఆ పేరులో వెక్కిరింపు లేదు కనక ఆయనా పలికేవాడు.

ఆయన పని కణాలకు రంగులు వేయడం. ఇంటికొచ్చిన చుట్టాలు “మీరేం చేస్తారండీ?” అని అడిగితే “రంగులు వేస్తానండీ” అనేవాడు. “గోడలకా?” అంటే “కాదండీ, కంటికి ఆననివాటికి” అనేవాడు. ఆయన భార్య నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఈ రంగులు బట్టలకు అద్దే రంగుల్లాంటివి కావు. కణం లోపల డీఎన్ఏ ఎక్కడుందో వెతుక్కుంటూ పోయి దాన్నే పట్టుకుంటాయి. పట్టుకున్నాక తగిన కాంతి పడితే దీపాల్లా వెలుగుతాయి. అందులో ఒక నీలం రంగు బతికిన కణంలోకీ, చచ్చిన కణంలోకీ పోతుంది. ఎర్ర రంగు అలా కాదు, ప్రాణమున్న కణం గడప దాటదు. పొర చిరిగిన కణంలోకే దూరుతుంది. రెండూ కలిపి వేస్తే నూటికి ఎన్ని బతికాయో, ఎన్ని పోయాయో కూర్చుని లెక్కపెట్టుకోవచ్చు. నీలి వెలుగులో కేంద్రకం గుండ్రంగా నిండుగా ఉంటే ఆరోగ్యం. కుంచించుకుపోయి ముక్కలుముక్కలుగా మెరిసిపోతుంటే ఆ కణం చావుకు సిద్ధమైనట్టు. వీటిని విడదీసి చెప్పడంలో బాబాయి కన్ను పెట్టింది పేరు. “బాబాయి చూశాడంటే ఇంక మనం చూడక్కర్లేదు” అనేవారు విద్యార్థులు. ఆ మాట వినపడనట్టు నటించేవాడు గానీ, విన్న రోజు ఇంటికి వెళ్ళాక భార్యకు రెండుసార్లు చెప్పేవాడు.

ఆ నీలం రంగుతో ఇంకో పని కూడా ఉంది. పెంచుతున్న కణాల్లో ఒక్కోసారి మైకోప్లాస్మా అనే అతి చిన్న సూక్ష్మజీవి చేరుతుంది. అది చేరితే కణాలు పెరిగే ద్రవం మసకబారదు, వాసన రాదు, మామూలు మందులకు లొంగదు. కణాలు చావవు, అలాగని సరిగ్గా బతకవు. ఇంట్లో చెదలా లోపలే ఉండి తినేస్తుంది. నీలం రంగు దాని డీఎన్ఏనీ పట్టుకుంటుంది కనక, కేంద్రకాల చుట్టూ నలుసుల్లాంటి చుక్కలు వెలిగితే దొంగ దొరికినట్టే. అందుకని నెలకోసారి ల్యాబ్‌లోని ఏడు రకాల కణాలనూ గాజు బిళ్ళల మీద పెంచి, రంగు వేసి, చూసి, రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. అది బాబాయి పని. పన్నెండేళ్ళు చేశాడు. పన్నెండేళ్ళలో ఒక్కసారి కూడా చుక్క కనపడలేదు. ప్రతి గడిలోనూ ‘శుభ్రం’ అనే రాశాడు.

ఒక నెల ఆయన భార్య మెట్ల మీద జారి చీలమండ విరగ్గొట్టుకుంది. వంట చేయాలి, ఆమెను లేపాలి, కూర్చోబెట్టాలి. సాయంత్రం నాలుగింటికే బయలుదేరేవాడు. ఆ నెల గాజు బిళ్ళలు పెట్టలేదు. ఎప్పుడూ ఉన్న మాటే కదా అని, చూడకుండానే ‘శుభ్రం’ అని ఏడుసార్లు రాసేశాడు. రాసేముందు తలుపు వైపు ఒకసారి చూశాడు కూడా. ఆకాశం విరిగి మీద పడలేదు. మరుసటి నెలా అంతే. చీలమండ అతుక్కుంది, ఆమె నడిచింది, మార్కెట్‌కు కూడా వెళ్ళొచ్చింది. బాబాయి మాత్రం చూడకుండా రాయడం మానలేదు. అడుసు తొక్కడం అలవాటైన కాలికి కడుక్కోవాలన్న ధ్యాస ఉండదు. మూడో నెల నుంచి తలుపు వైపు చూడడం కూడా పోయింది.

ఆ రోజుల్లోనే పక్క ల్యాబ్ నుంచి కొత్త కణాలు వచ్చాయి. అలా బయటి నుంచి వచ్చినవాటిని పరీక్ష అయ్యేదాకా విడిగా ఉంచాలి. బాబాయి వాటికీ ‘శుభ్రం’ రాసి, అందరి ఫ్లాస్కులూ ఉండే వెచ్చటి పెట్టెలోనే పెట్టేశాడు.

ల్యాబ్‌లో అందరికన్నా వయసులో చిన్నదైన పరిశోధక విద్యార్థిని ఒకామె ఉండేది. అందరూ చిన్నమ్మాయి అనేవారు. వాళ్ళ నాన్న బస్సు డ్రైవరు. ఆమె ఒక ఆకు నుంచి తీసిన మందు క్యాన్సర్ కణాలను ఎలా చంపుతుందో చూస్తోంది. మందు వేసిన కణాల్లో నూటికి డెబ్బై చచ్చేవి. అది సంతోషమే. కానీ మందు వేయనివాటిలో కూడా నూటికి ఇరవై చచ్చేవి. పోలికకు పెట్టుకున్న కణాలే పోతుంటే ఇక పోలికేమిటి?

ల్యాబ్ పెద్ద అయిన మేడమ్ అందరి ముందూ ఆమెను నిలబెట్టారు. “మందు వేయని కణాలు ఎందుకు చస్తున్నాయి? నీ చేతిలో ఏదీ బతకదా?”

చిన్నమ్మాయి తల దించుకుని వెళ్ళిపోయింది. తర్వాత చల్లగదిలో సీసాల వెనక నిలబడి ఏడుస్తుంటే బాబాయి చూశాడు. ఏదో ఒకటి చెప్పాలనిపించి చెప్పాడు.

“చేతులు సరిగ్గా కడుక్కుంటున్నావా అమ్మాయ్? గ్లోవ్స్ మార్చకుండా ఫోన్ ముట్టుకుంటారు మీరంతా. కణాలు పసిపిల్లల్లాంటివి. శుభ్రం ముఖ్యం.”

“ఇకనుంచి జాగ్రత్తగా ఉంటాను బాబాయి” అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

‘శుభ్రం ముఖ్యం’ అన్న మాట తన నోటినుంచే వచ్చిందని తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చినా బాబాయికి చెవులు కాలిపోయేవి. అప్పుడు మాత్రం పెద్దరికం నిలబెట్టుకున్నట్టే అనుకున్నాడు.

నాలుగు రోజులకు ఆమె చేతులు తోమితోమి ఎర్రబడి, వేళ్ళ సందుల్లో చర్మం పగిలి కనిపించింది. అది చూశాక ఆయనకు మనసులో ఏదో మెదిలింది. ఎవరికీ చెప్పకుండా ఆమె కణాలను కొన్ని గాజు బిళ్ళ మీద పెంచాడు. ఐదో రోజున రంగు వేసి, గది తలుపు మూసి చూశాడు.

నీలి కేంద్రకాలు ఉన్నాయి. వాటి చుట్టూ, కణం మేనంతా, పిండి చల్లినట్టు సన్నటి చుక్కలు. రంగులో మురికేమో అనుకుని కొత్త రంగు కలిపి మళ్ళీ చూశాడు. మురికి ఒకచోట పడుతుంది, ఒకచోట పడదు. ఈ చుక్కలు కణాల అంచులనే పట్టుకుని ఉన్నాయి, కణం లేనిచోట దాదాపు లేవు. పక్క ల్యాబ్ నుంచి వచ్చినవాటిని కూడా చూశాడు. వాటిలో మరీ ఎక్కువ. రిజిస్టర్ తీసి వెనక్కి తిప్పాడు. ఎనిమిది నెలలు, ఏడేసి గడులు, ఒక్కటే దస్తూరీ.

వెంటనే వెళ్ళి చెప్పొచ్చు. మేడమ్ గది ఇరవై అడుగుల దూరం. వెళ్ళలేదు. ‘బాబాయి చూశాడంటే’ అన్న మాట పోతుందన్న భయమే ఆయన్ని ఆపింది, ఉద్యోగం పోతుందన్న భయం కాదు. అది తెలిసి ఆయనకు ఇంకా సిగ్గేసింది. అయినా వెళ్ళలేదు.

పైగా ఇంకో పని చేశాడు. తను నిజంగా పరీక్షలు చేసిన రోజుల్లో అతిశీతల పెట్టెలో దాచిన పాత కణాలున్నాయి. ఒక సీసా తీసి కింది అంతస్తులో పెంచాడు. రంగు వేసి చూస్తే చుక్క లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎవరూ లేనప్పుడు, చిన్నమ్మాయి ఫ్లాస్కులో కణాలు పారబోసి వీటిని పెట్టాడు. పైన ఆమె రాసుకున్న చీటీ మళ్ళీ అతికించాడు. కొన్నాళ్ళకు మిగిలినవాళ్ళవీ ఒక్కొక్కటిగా మార్చేస్తే ఎవరికీ తెలియదనుకున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే అదే. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా.

మూడు వారాలకు చిన్నమ్మాయి లెక్కలు తారుమారయ్యాయి. మందు వేయని కణాలు ఇప్పుడు నూటికి మూడే చస్తున్నాయి. మందు వేసినవాటిలో కూడా ఇరవై రెండే. లోపలి చెదకు సగం చచ్చి ఉన్న కణాలు కాబట్టే అప్పుడు మందు అంత గొప్పగా కనపడింది. ఆ డెబ్బై గురించి ఆమె అప్పటికే రెండు సభల్లో చెప్పి వచ్చింది.

మేడమ్ పిలిపించారు. తలుపు తెరిచే ఉంది. వరండాలో ట్రే పట్టుకుని వెళ్తున్న బాబాయికి మాటలు వినపడ్డాయి.

“ఒక్కటే అడుగుతాను, నిజం చెప్పు. ముందు వచ్చిన లెక్కలు కూర్చుని లెక్కపెట్టినవేనా? లేక రాసుకున్నవా?”

“లెక్కపెట్టినవే మేడమ్.”

“మరి ఇవేంటి?”

“తెలీదు మేడమ్.”

చూడకుండా రాసినవాడు వరండాలో ఉన్నాడు. చూసి రాసిన పిల్ల లోపల దోషిలా నిలబడింది. బాబాయి ట్రే బల్ల మీద పెట్టాడు.

ఆమె బయటికి వచ్చి నేరుగా చీకటి గదికే వచ్చింది. “మానేస్తున్నాను బాబాయి. నాన్నకు ఫోన్ చేస్తాను. నాకిది చేతకాదు. నేను లెక్కపెట్టానో, పెట్టాననుకున్నానో నాకే అనుమానంగా ఉంది.”

“కూర్చో అమ్మాయ్.”

“కూర్చోడానికి రాలేదు. చెప్పి వెళ్దామని వచ్చాను.”

“ఫోన్ చేసే ముందు ఒక్కసారి ఇది చూడు.” దాచిన స్లైడు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు.

ఆమె వంగి చూసింది. చాలాసేపు చూసింది. తల ఎత్తకుండానే అడిగింది. “ఈ చుక్కలేంటి?”

“మైకోప్లాస్మా. నీ పాత కణాలు.”

“ఎప్పటినుంచి?”

“ఏడు నెలలై ఉండొచ్చు.”

“నెలనెలా మీరు చూస్తారుగా?”

బాబాయి లేచాడు. రిజిస్టర్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. “చూడలేదమ్మా. ఎనిమిది నెలలు చూడకుండానే రాశాను. తెలిశాక కూడా నీకు చెప్పకుండా కణాలు మార్చేశాను. నీ లెక్కలు అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. కణాలే వేరు.”

ఆమె రిజిస్టర్ తెరవలేదు. తన చేతులు చూసుకుంది. “చేతులు కడుక్కోమన్నారు” అంది. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయన నిలబడగలిగేవాడు. ఆమెను కూర్చోమన్న స్టూలు మీద తనే కూర్చున్నాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ మేడమ్ దగ్గరికి వెళ్ళారు. అంతా విన్నాక మేడమ్ ముందు చిన్నమ్మాయి వైపు తిరిగి “నేను అడిగినదానికి క్షమించు” అన్నారు. తర్వాత బాబాయితో “రేపు అందరి ముందూ మీరే చెప్పాలి. నేను చెప్పను” అన్నారు.

మర్నాడు చెప్పాడు. పద్నాలుగు మంది. అందులో సగం మందికి రంగు వేయడం నేర్పింది ఆయనే. చెబుతున్నంతసేపూ ఎదురుగా ఉన్న కుర్చీ కాలు వైపే చూశాడు. ఏడు రకాల కణాల్లో ఐదు చెడిపోయాయని తేలింది. పెట్టెలు ఖాళీ చేసి కడిగారు. ఐదుగురి పని వెనక్కి పోయింది, అందరికన్నా ఎక్కువగా చిన్నమ్మాయిది. ఆయన ఉద్యోగం ఉంచారు గానీ, పై అధికారి సంతకంతో మందలింపు కాగితం ఇచ్చారు. నెలవారీ పరీక్షలో రెండో మనిషి కూడా చూడాలన్న నియమం పెట్టారు. ఆ కాగితం కన్నా, ఎవరూ ఏమీ అనకుండా పక్కకు తప్పుకుని దారివ్వడమే ఆయనకు కష్టమైంది. ‘బాబాయి చూశాడంటే’ అన్న మాట మళ్ళీ ఎవరి నోటా రాలేదు.

భార్యకు పదో రోజున చెప్పాడు. ఆమె విని, చీలమండ వైపు చూసుకుని, “నా కాలు మీదకి నెట్టారా అక్కడ?” అని అడిగింది.

“లేదు. నీ పేరెత్తలేదు.”

“మంచిపని చేశారు. కాలు విరిగింది నాకు. మీ కళ్ళకేం కాలేదు కదా” అంది. కంచం ఆయన ముందుకు జరిపి, “అన్నం పెట్టుకోండి. ఆ పిల్ల తిందో లేదో” అంది.

చిన్నమ్మాయి మానలేదు. మొదటినుంచీ మళ్ళీ చేసింది. ఏడాదిన్నర పట్టింది. బాబాయి గాజు బిళ్ళలు సిద్ధం చేసి, రంగు వేసి ఇచ్చేవాడు. ఆమె చూసి లెక్కపెట్టేది. అవసరమైనవి తప్ప వేరే మాటలుండేవి కావు. “ఇది ఎంతసేపు నానింది?” “పదిహేను నిమిషాలమ్మా.” అంతవరకే. మందు గొప్పది కాదని తేలింది. కొద్దిగా పనిచేస్తుంది, ఎందుకు కొద్దిగానో ఆమె కనుక్కుంది. అది పరిశోధనే.

ఆమె పీహెచ్‌డీ చివరి పరీక్ష రోజున బాబాయి ఆఖరి వరసలో కూర్చున్నాడు. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి, నెరిసిన గడ్డం ఆయన, కళ్ళజోడు పైకి తోసుకుని అడిగాడు. “మీ కణాలు శుభ్రంగా ఉన్నాయని మీకెలా తెలుసు?”

చిన్నమ్మాయి తెర మీద రెండు బొమ్మలు పెట్టింది. ఒకటి చుక్కలున్నది, ఒకటి లేనిది. “మొదటి ఏడు నెలల ఫలితాలు ఇందుకే తీసేశానండీ.”

“అంత ఆలస్యంగా ఎందుకు తెలిసింది? నెలవారీ పరీక్ష లేదా?”

“ఉందండీ. నేను నా కళ్ళతో చూసుకోలేదు. ఇంకొకరు చూశారన్న నమ్మకంతో ఊరుకున్నాను. అది నా పొరపాటు.”

పరీక్షాధికారి తల ఊపి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయాడు. ఆ ఇంకొకరు ఎవరో గదిలో చాలామందికి తెలుసు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. తిరిగి చూసినా బాగుండేదనిపించింది బాబాయికి. లేచి నిలబడి ‘పొరపాటు ఆమెది కాదండీ’ అని చెప్పాలని మోకాళ్ళ మీద చేతులు ఆనించాడు. ఈలోగా ఇంకో బొమ్మ వచ్చింది, ఇంకో ప్రశ్న వచ్చింది. ఆయన లేవలేదు.

అయిపోయాక అందరూ ఆమె చుట్టూ చేరారు. బస్సు డ్రైవరు నాన్న ఎవరెవరికో నమస్కారాలు పెడుతున్నాడు. బాబాయి తన వంతు వచ్చేదాకా నిలబడ్డాడు.

“బాగా చెప్పావమ్మా.”

“థాంక్స్ బాబాయి” అంది చిన్నమ్మాయి. ఆ తర్వాత నాన్న వైపు తిరిగి, “నాన్నా, నాకు రంగులు వేయడం నేర్పింది ఈయనే” అంది.

డ్రైవరు రెండు చేతులూ జోడించి, “మీ ఋణం తీర్చుకోలేమండీ” అన్నాడు. బాబాయి ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. వాళ్ళ బస్సు ఎన్నింటికో అడిగాడు.