పన్నెండో పడవ

వాదనలో మీరు గెలిచారు. ఆ గెలుపుకు శిక్ష మరొకరు అనుభవించారు. మీరు ఆ గదిలోనే కూర్చుని ఉండి నోరు మెదపలేదు. అటువంటి గెలుపును మీరు ఏమని పిలుస్తారు? నాకు జవాబు తెలుసు. తెలిసీ చాలాకాలం తప్పించుకు తిరిగాను కనుకనే ముందుగా మిమ్మల్ని అడుగుతున్నాను.

పోయిన శనివారం ఒంటారియోలోని లండన్‌లో, మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, ఎవరో ఇల్లు మారుతూ కారు పైన పరుపు కడుతున్నారు. ఎలాస్టిక్ తాడు కొక్కెం జారి కారు రేకుకు తగిలి ఠప్పుమంది. ఆ చప్పుడు వెనకే ఎండకు కాగిన రబ్బరు వాసన వచ్చింది. కూరగాయల సంచితో అక్కడే నిలబడిపోయాను. “ఆ తాడు ఎప్పటిది?” అని అడగబోయి ఆగిపోయాను. ఆ ప్రశ్న నాది కాదు, అప్పలరాజు గారిది.

ఆయనది భీమునిపట్నం. విశాఖలో చిన్న పడవలు బాగుచేసే షెడ్డులో జీవితమంతా పనిచేసి, కూతురు రప్పించుకుంటే ఒంటారియోలోనే ఏజాక్స్ అనే ఊరికి వచ్చారు. ఇంట్లో కూర్చోలేక సరస్సు ఒడ్డున ఒక చిన్న సెయిలింగ్ క్లబ్బులో అదే పనికి కుదిరారు. ఆ క్లబ్బు ఆఫీసులోనే నేను వర్క్ పర్మిట్ మీద ఉద్యోగం చేసేదాన్ని. వసంతంలో పడవలను నీటిలోకి దింపే ముందు మాత్రం ఆఫీసు వాళ్లం కూడా షెడ్డులో చేయి వేయాలి. హన్మకొండలో డిగ్రీ చదివే రోజుల్లో నేను డిబేట్ జట్టుకు నాయకురాలిని. ఎదుటివారి మాటలో పగులు ఎక్కడుందో వెతకడం నాకు అప్పటికే ఊపిరి తీసినంత సహజం. మొదటి రోజే ఆయన మీద ఆ విద్య ప్రయోగించాను.

పడవ మధ్యలో ఒక గాడి ఉంటుంది. అందులోంచి డాగర్‌బోర్డు అనే పొడవాటి పలక నీటిలోకి దిగి, గాలికి పడవ పక్కకు కొట్టుకుపోకుండా ఆపుతుంది. ఆయన ఆ పలక తలకున్న రంధ్రంలోంచి ఎలాస్టిక్ తాడు దూర్చి, రెండు కొసలనూ కలిపి ఒక కొక్కేనికి ముడివేసి, ఆ కొక్కేన్ని పడవ ముందు కొసన ఉన్న స్టీలు రింగుకు తగిలిస్తున్నారు.

“పలక గాడిల బిగ్గెనే ఉన్నది గదా అంకుల్, మళ్ల తాడెందుకు?” అన్నాను.

“పడవ నిటారుగా ఉన్నంతసేపూ బిగువే. బోర్లా పడితే?”

“పడితే?”

“జారి కొట్టుకుపోద్ది. పడవని మళ్లీ లేపాలంటే ఆ పలక మీదే నిలబడి వెనక్కి వాలాల. అది పోయిందనుకో, నున్నటి అడుగు పట్టుకుని ఏలాడతావు. ఈ నీళ్లు మన భీమిలి నీళ్లు కావమ్మా. కాసేపటికి చేతి ఏళ్లు మాట వినవు.”

తాడును మరీ లాగితే పలక కిందికి దిగదు, వదులైతే నిలవదు. చేయి ఎక్కడ వదిలితే పలక అక్కడే ఆగాలి, అదే ఆయన కొలత. అంతటితోనూ ఆయన తృప్తి పడేవారు కాదు. ఇద్దరం కలిసి పడవను తిరగేసి రెండు చెక్క స్టాండ్ల మీద పెట్టాలి. అడుగున అరచేత్తో మూడుసార్లు గట్టిగా చరచాలి. పలక కదలకపోతేనే తనిఖీ కాగితం మీద సంతకం. పైగా ఏటా అన్ని పడవలకూ కొత్త తాడు వేసేవారు. పాతవాటిని ఎవరూ మళ్లీ వాడకుండా అక్కడికక్కడే రెండు ముక్కలు చేసేవారు.

“మంచిగనే ఉన్నయి గదా, ఎందుకు కోస్తున్నరు?”

“పైన తొడుగు మంచిదే. లోపల రబ్బరు చలికాలంలోనే చచ్చిపోయుంటాది. చచ్చినోడికి ఇస్త్రీ చొక్కా తొడిగితే లేచి నడుస్తాడేటి?”

“చచ్చిపోయిందని మీకెట్ల తెలుసు?”

ఆయన నవ్వారు. “నన్నడుగుతావేటమ్మా, పడవనడుగు. దాన్ని తిరగేసి చూడు, అదే చెప్తాది.”

ఈ మాట నన్ను మార్చింది. అంతవరకు ప్రశ్న అంటే నాకు మనిషి మీదికి విసిరేది. సమాధానం తడబడితే నేను గెలిచినట్టు. ప్రశ్నను వస్తువు ముందు పెట్టి, దాని జవాబు కోసం ఓపికగా నిలబడాలని నాకు నేర్పింది ఏ అధ్యాపకుడూ కాదు. ఆ షెడ్డులో గ్రీజు మరకల చొక్కాతో తిరిగే ఆ మనిషి. నేర్చుకున్నానని అనుకున్నాను. ఎంత నేర్చుకున్నానో రెండో వసంతంలో తేలింది.

ఆ యేడు పదకొండు పడవలకు తాడు సరిపోయింది, పన్నెండోదానికి చాలలేదు. కొత్త చుట్ట తెప్పించమని అప్పలరాజు గారు మేనేజరు బ్రెండాను రెండుసార్లు అడిగారు. వచ్చే వారం చూద్దామంది. మర్నాడే శిక్షణ తరగతులు మొదలు. పన్నెండో పడవకు నిరుటి తాడే ఉంది. తాడు వచ్చేదాకా ఆ పడవ కదలదని ఆయన, పన్నెండు మంది పేర్లు రాసుకున్నామని ఆవిడ. సాయంత్రం చినుకులు పడుతుండగా షెడ్డులో ఆయనా నేనూ మాత్రమే మిగిలాం. మరో పావుగంటలో నా బస్సు.

“కనీసం తిరగేసి చూద్దాం, ఓ చెయ్యెయ్యి” అన్నారు. నడుం నొప్పితో ఆయన ఒక్కరే తిప్పలేరు.

నేను చేయి వేయలేదు. వాదించాను. “అంకుల్, ఈ తాడు నిరుడు సీజన్ మొత్తం ఆగింది. ఖరాబైందని మీరంటున్నరు. రుజువు చేయాల్సింది మీరే గదా? పదకొండు పడవలు తిప్పినం, ఒక్క పలకన్న జారిందా?”

“ఆ పదకొండుకీ కొత్త తాడు కదమ్మా.”

“అయితే పాతది ఆగదనేటందుకు ఆధారం ఏది? మీ అనుమానం ఆధారం కాదు.”

ఆధారం ఆయన కాళ్ల దగ్గరే ఉంది. పడవను తిరగేస్తే అర నిమిషంలో తేలిపోయేది. తిప్పడానికి కావలసిన రెండో జత చేతులు నావి. వాటిని జేబుల్లో పెట్టుకుని నేను ఆయనను రుజువు అడుగుతున్నాను. ఆయన పడవను వదిలి తనిఖీ కాగితం తీసుకున్నారు. “నీతో మాటల్లో నెగ్గలేనమ్మా” అంటూ దాని మీద సంతకం పెట్టారు. నేను బస్సు అందుకున్నాను. దారంతా, సిగ్గు లేకుండా చెబుతున్నాను, సంతోషంగా ఉన్నాను.

మర్నాడు గాలి పెరిగి మూడు పడవలు తిరగబడ్డాయి. పన్నెండో పడవలో ఉన్నావిడ అప్పుడే సెయిలింగ్ నేర్చుకుంటున్న ఒక రిటైర్డు నర్సు. పలక జారి కొట్టుకుపోయింది. సహాయక బోటు మిగతా ఇద్దరినీ ఎక్కించుకుని వచ్చేసరికి ఆవిడ పెదవులు నీలంగా మారాయి, చేతి వేళ్లు విప్పలేకపోయింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికింది. కొత్త తాడు చుట్ట ఆ తర్వాతి వారం వచ్చింది.

క్లబ్బు కమిటీ మమ్మల్ని పిలిచింది. బ్రెండా నన్ను రెండే ప్రశ్నలు అడిగింది.

“అప్పలరాజు ఆ పడవను తిరగేసి చూశాడా?”

“లేదు.”

“ఈ సంతకం అతనిదేనా?”

“అవును.”

రెండూ నిజాలే. ఎందుకు చూడలేదని ఎవరూ అడగలేదు. తాడు చుట్ట సంగతి అడగవలసిన అవసరం బ్రెండాకు లేదు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పకూడదని డిబేట్‌లో నేర్పుతారు. కాని ఆ రోజు నన్ను ఆపింది డిబేట్ కాదు. ఈ దేశంలో శాశ్వతంగా ఉండేందుకు పెట్టుకునే పీఆర్ అప్లికేషన్‌కు నాకు ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇవ్వవలసింది బ్రెండా. అప్పలరాజు గారు బల్లకు అటువైపు కూర్చుని నా వంక ఒక్కసారి చూశారు. “సంతకం నాదే, చూడకుండా పెట్టాను” అని మాత్రం చెప్పి, షెడ్డు తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. నా పేరు ఎత్తలేదు. తర్వాత కూతురితోపాటు విన్నిపెగ్ వెళ్లారని విన్నాను.

పీఆర్ చేతికి వచ్చాక ఫోన్ చేశాను. ఏది చేతికి వచ్చాక చేశానో గమనించండి. క్షమాపణ చెప్పడం మొదలుపెట్టగానే ఆయన అడ్డుపడ్డారు.

“పడవ తిప్పకపోవడం తప్పే గాని, అది నా తప్పు. నువ్వు వాదిస్తే నేనెందుకు లొంగాల? దానికి నిన్నేటీ అననమ్మా.”

“మరి...”

“ఊరికే కూకున్నావే, అదీ. అన్నిటికీ పెశ్నలేసే పిల్లవి. ఆ రోజు ఆ గదిలో ఒక్కటంటే ఒక్కటీ ఎయ్యలేదేటి? ఏస్తావని సూశాను.”

ఆయన భోజనం వేళయిందని ఫోన్ పెట్టేశారు. ఆ తర్వాత నేను చేసిన ఫోన్లు ఎత్తలేదు.

ఈ పేజీలు రాయడానికి ముందు జరిగినదంతా కమిటీకి రాసి పంపాను. ఆ విషయం ముగిసిపోయిందని రెండు వాక్యాల జవాబు వచ్చింది. వాళ్ల కాగితాల్లో ఇప్పటికీ ఆయన సంతకం ఒక్కటే ఉంది. మళ్లీ రాశాను. ఇంకా రాస్తాను. ఇప్పటికీ వాదనలో పైచేయి నాదవుతున్నదని తోచిన క్షణాన నా చేతులు ఎక్కడున్నాయో చూసుకుంటాను. ఆయన నాకు ఇచ్చినవాటిలో అదొక్కటే మిగిలింది. అది కూడా ఆలస్యంగా అందింది.

మీకు ఒక విన్నపం. మీరు మౌనంగా ఉన్నందువల్ల ఎవరి పేరు మీద తప్పు నిలిచిపోయిందో వారికి ఫోన్ చేయకండి. మంచివారైతే క్షమిస్తారు, మీరు తేలికపడతారు, అక్కడ ఏమీ మారదు. ఆ తప్పును నమోదు చేసిన చోటికి, మీ పేరుతో, మీ సంతకంతో, జరిగింది జరిగినట్టు ఈ రోజే రాసి పంపండి. దానివల్ల మీరు పోగొట్టుకోవలసింది ఇంకా మీ చేతిలో ఉండగానే పంపండి.