విమానం పంకాకు అభిషేకం

ఆకాశాన్ని తెరలా పరిచి, అందులో పిచ్చుకకీ గద్దకీ దారులు వేసి, నాలాంటి పిరికివాణ్ణి కూడా ఆ దారిన తీసుకెళ్ళి ఎముకలన్నీ సరిగ్గా ఉండగానే నేలమీద దింపిన దేవునికి స్తోత్రం. ఆయన మహిమ చెప్పుకున్నాను కాబట్టి ఇక నా సిగ్గు చెప్పుకోవచ్చు. అరచేతిలో పట్టే ఒక్క నూనె సీసాతో ఒక విమానాన్ని ఆకాశంలోంచి వెనక్కి తిప్పించి, ఒక మంచి మనిషి ఉద్యోగాన్ని ఊడగొట్టబోయిన కథ ఇది. చదివేటప్పుడు చేతిలో కరక్ చాయ్ ఉంటే పక్కన పెట్టండి. నవ్వితే ఒలుకుతుందని కాదు. నా భయం మీకూ అంటుకుంటే చేతులు వణుకుతాయని.

కరోనా సద్దుమణిగి ఒకటి రెండేళ్ళు అయి ఉంటుంది. నేనూ నా భార్య కరుణా షార్జాలో, రోలా వీధుల్లో ఒక గదిలో ఉండేవాళ్ళం. కరుణ ఆసుపత్రిలో నర్సు. నేను ఊరు దాటాక ఇసుక దిబ్బల మధ్య, చిన్న విమానాలు దిగే ఒక రన్‌వే పక్కన షెడ్డులో హెల్పర్ని. ఆ షెడ్డులో మా ముదీర్ సొంత విమానం ఉండేది. ముదీర్ అంటే ఇక్కడ యజమాని, మేనేజరు, ముఖం చిట్లిస్తే వాతావరణం కూడా. ఖర్జూరాల వ్యాపారం చేసే అరబ్బు పెద్దమనిషి. ఆయన మాట్లాడేది అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలిపి ఉడికించిన పులుసు. మీ కోసం దాన్ని వడగట్టి తెలుగులో పెడుతున్నాను.

విమానం నలుగురు పట్టేది. ఒకటే ఇంజను, ముక్కుకి రెండు రెక్కల పంకా. వయసులో నాకంటే పెద్దది. మా నరసాపురంలో ఎవరైనా చూస్తే, "దీనికంటే మా పాలవాడి మోపెడ్ దిట్టంగా ఉంది" అంటారు. ముదీర్‌కి మాత్రం అది కన్నబిడ్డ.

దాని ఆరోగ్యం చూసే ఇంజనీరు మల్లేశం అన్న. జగిత్యాల వైపు మనిషి. ఎయిర్‌ఫోర్సులో ఇంజన్లు విప్పి విప్పి రిటైరై వచ్చాడు. ఆయన సంతకం పెడితేనే ఆ విమానం నేల విడవాలి.

ఆ చలికాలం ముదీర్ తన బిడ్డకి కొత్త బట్టలు కుట్టించాడు. పాత గుండ్రటి మీటర్లు పీకించి, టీవీల్లాంటి రెండు తెరలు పెట్టించాడు. పంకాని బాగుచేయించి తెప్పించాడు. పంకా ఎలాగూ విప్పాం కదా అని మల్లేశం అన్న దాని వెనకాల, ఇంజను నూనె బయటికి రాకుండా ఆపే రబ్బరు సీలు కూడా మార్చాడు. తరవాత ఆయన బోల్టులు బిగిస్తే, అవి వదులు కాకుండా వాటికి లాకు వైరు నేను కట్టాను. గుర్తుపెట్టుకోండి. సీలు ఆయనది, వైరు నాది.

ముదీర్‌కి ఒక నియమం ఉంది. పంకా మీద చెయ్యి వేసినవాడు, అది మొదటిసారి ఎగిరేటప్పుడు దాని వెనకే కూర్చోవాలి. పనివాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పని చేయాలంటే ఆ ఒళ్ళు విమానంలోనే ఉండాలని ఆయన సిద్ధాంతం.

"దాస్, శనివారం పొద్దున్నే. నువ్వూ నేనూ," అన్నాడు.

"సర్, మల్లేశం అన్న..."

"మల్లేశం పోయినసారి వచ్చాడు. ఈసారి వైరు కట్టింది ఎవరు?"

"నేనే సర్."

"బాగా కట్టావా?"

"కట్టాను సర్."

"మరి భయమెందుకు?"

అసలు భయం ఆ ప్రశ్నతోనే పుట్టింది. అలా నిలదీసి అడిగితే పెళ్ళినాడు మూడు ముళ్ళూ వేశానా, రెండే వేశానా అని కూడా అనుమానం వస్తుంది. ఆ వారమంతా ఏది చూసినా పంకాలాగే కనబడింది. గదిలో సీలింగ్ ఫ్యాన్ కింద పడుకోలేక తలా కాళ్ళూ మార్చి పడుకున్నాను.

ఇంకో చిక్కు ఉంది. మేము ఆరాధనకి వెళ్ళే తెలుగు క్రైస్తవ సంఘంలో నేను పైలట్‌నని పేరు పడిపోయింది. "విమానాల పని" అని మాత్రమే నేను చెప్పాను. అది చెవులు మారుతూ వెళ్ళి పైలట్ అయి తిరిగొచ్చింది. నేను అబద్ధమాడలేదు, ప్రభువుకి తెలుసు. దారి తప్పిన నిజాన్ని ఇంటికి పిలవలేదంతే.

ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ఆరాధనా ఆ రోజే. అది అయ్యాక పాస్టరు అయ్యగారి దగ్గర తల వంచాను. "రేపు ఎగురుతున్నానండి. ప్రార్థన చేయండి."

మనవాళ్ళ అలవాటు మీకు తెలుసు. కొత్త బండి కొన్నా, కొత్త ఇంట్లో చేరినా, హ్యాండిల్‌కో గడపకో ప్రార్థన నూనె రాస్తే తప్ప మనసు కుదుటపడదు. అయ్యగారు నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించి, ఒక సీసా చేతిలో పెట్టారు. ఆలివ్ నూనె. స్త్రీల సమాజం వాళ్ళు దుబాయిలో దేరా బజారులో కొన్న మల్లె అత్తరు అందులో కలిపారు. మూత తీయకముందే గుప్పుమంది.

"ఒక్క బొట్టు చాలు బ్రదర్," అన్నారాయన. "నూనెలో శక్తి ఏమీ లేదు. శక్తి అంతా వినేవాడి కనికరంలో ఉంది."

ఇంటికొచ్చాక కరుణ కూడా అదే పాట. "ఒక్క బొట్టన్నారు, విన్నారా? మీ చెయ్యి నాకు తెలుసు. మొన్న మీరు వండిన వంకాయలు ఈతకొట్టాయండీ."

"విన్నానులే."

"వినడం కాదు, గుర్తుండాలి."

శనివారం పొద్దున షెడ్డుకి వెళ్ళేసరికి మల్లేశం అన్న కిందికి వంగి చక్రాలు చూస్తున్నాడు.

"ఏం తమ్మీ, మొకం గట్ల పాలిపోయింది? నిద్ర పట్టలేదా?"

"పట్టింది అన్నా. దాన్ని నేనే వదిలేశాను."

"ఏం కాదు రా. నా సీలు మీద నాకు నమ్మకమున్నది. నీ వైరు మీద నీకు లేదా?"

ఆయన లాగ్‌బుక్కు తేవడానికి ఆఫీసులోకి వెళ్ళాడు. నేను, విమానం, సీసా మిగిలాం.

ముందు ఒక్క బొట్టే రాశాను. సాక్షి దేవుడే. పంకా నడుమ కోసుగా ఉండే మూత కొనమీద రాశాను. రాశాక ఆలోచన వచ్చింది. నా పతనాలన్నీ ఆ మాటతోనే మొదలవుతాయి. ఇంత గాలికి ఈ బొట్టు నిలుస్తుందా? మూతకీ పంకా రెక్కకీ మధ్య సందు ఉంది. లోపల పోస్తే గాలి తగలదు, భద్రంగా ఉంటుంది. పైగా లేఖనాల్లో యాజకుడి తలమీద పోసిన తైలం గడ్డం మీదుగా అంగీ అంచుదాకా దిగింది. అంగీ అంచుదాకా దిగాలంటే ఒక్క బొట్టు సరిపోతుందా? లోభితనం ఎందుకని సీసా వంచాను. భయం గుర్తొచ్చి ఇంకొంచెం వంచాను. చివర మిగిలింది ఇంటికి తీసుకెళ్ళి ఏం చేస్తామని అదీ పోశాను.

నెలజీతం తీసుకుని నేను రోజంతా ఆ విమానానికి అంటిన నూనె తుడుస్తాను. అదే నా ఉద్యోగం. ఇది మరవకండి. నేను మరిచాను.

ముదీర్ వచ్చాడు. ఎక్కాం. చెవులకి హెడ్‌ఫోన్లు, నోటి ముందు మైకు. కొత్త తెరల మీద అంకెలు చూసి కాగితం మీద రాయడం నా పని. పంకా తిరిగింది. రన్‌వే జరిగిపోయింది. నేల చెయ్యి వదిలేసింది. నేను కళ్ళు మూసుకున్నాను.

ఇసుక దిబ్బలు బిస్కెట్లలా కనబడే ఎత్తుకి వెళ్ళామట. నేను చూడలేదు, ముదీర్ తరవాత చెప్పాడు. హెడ్‌ఫోన్‌లో ఆయన గొంతు వినిపించింది.

"దాస్, అద్దం మీద ఆ గీత ఏంటి?"

"ఏ గీత సర్?"

"కళ్ళు తెరువు. నిన్ను తెచ్చింది చూడడానికి."

తెరిచాను. ముందు అద్దం మీద సన్నటి తడి గీత ఒకటి పైకి పాకుతోంది. చూస్తుండగానే పక్కన రెండోది, మూడోది. ఇంజను రేకంతా తళతళ మెరుస్తోంది.

"నూనె," అన్నాడు ముదీర్. గొంతు మారలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "పంకా సీలు పోయింది. నూనె ప్రెషర్ ఎంత?"

"పచ్చగీతలోనే ఉంది సర్."

"ఇప్పటికి ఉంది. నూనె అయిపోతే ఇంజను పట్టేస్తుంది."

విమానాన్ని వెనక్కి తిప్పాడు. వంగిన రెక్క మీదుగా భూమి మొత్తం నా ఒళ్ళోకి వచ్చింది. వెనక్కి వస్తున్నామని టవర్‌కి చెప్పి, నా వైపు చూడకుండానే అన్నాడు.

"కింద ఖాళీ రోడ్డు ఉందేమో చూడు. ఇంజను ఆగితే దింపాలి."

"ఒకటుంది సర్. ఒంటెలు ఉన్నాయి."

"ఒంటెలు లేనిది చూడు."

అప్పటికే నా నాలుక అంగిలికి అతుక్కుపోయింది. ప్రార్థన తప్ప అది దేనికీ కదలడం లేదు. "ప్రభువా, నేను పైలట్‌ని కాదు. అందరి ముందూ ఒప్పుకుంటాను. ఈ నూనె కారకుండా ఆపు తండ్రీ, ఒక్క చుక్క కూడా కారనీయకు," అని కన్నీళ్ళతో వేడుకున్నాను. నేనే పోసి నేనే ఆపమని ఆయన్ని బతిమాలుతున్నానన్న ఊహ ఇసుమంతైనా లేదు. భయం వస్తే తెలివి ముందే దిగిపోతుంది, పారాచూట్ కట్టుకుని.

"ఏం చదువుతున్నావు?" మైకులో ముదీర్.

"ప్రార్థన సర్."

"చదువు. ఆపకు. నేనూ చదువుతున్నాను."

ఒకే తీగమీద ఆయన అరబ్బీ, నా తెలుగు కలిసి ప్రవహించాయి. అంతలో గాలి గొట్టంలోంచి ఒక పరిమళం వచ్చింది. మెత్తగా, తియ్యగా, ఈ లోకపుది కానట్టు. సమయం అయిపోయింది, వాకిలి తెరిచారు, దూతలు వచ్చేశారు అనుకున్నాను. కరుణకి ఫ్రిజ్ వాయిదా సంగతి చెప్పలేదే అని ఒక్కటే బాధ.

ముదీర్ ముక్కు ఎగబీల్చాడు. "దాస్, అత్తరు రాసుకున్నావా?"

"లేదు సర్."

"మరి ఈ మల్లెపూల వాసన ఎక్కడిది?"

మల్లెపూలు. జేబులోని ఖాళీ సీసా తొడకి చల్లగా తగిలింది.

ప్రియమైన చదువరీ, అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నారు పెద్దలు. కడగడానికి నాకు కాలు దొరికితేగా, నేను గాల్లో ఉన్నాను. ఇంజనుకి ఏమీ కాలేదు, మేము చావబోవడం లేదు. సంతోషించాల్సిన సమయం. ఆ సమయంలోనే ముదీర్ అన్నాడు, "దిగగానే మల్లేశం సంతకం చెల్లదు. ఖలాస్. సీలు సరిగ్గా పెట్టలేనివాడు నాకు వద్దు. ఇంటికి వెళ్ళిపోవచ్చు."

చావు భయం పోయి బతుకు భయం పట్టుకుంది. చెప్పాలి. చెబితే ఖలాస్ నాకు. చెప్పకపోతే మల్లేశం అన్నకి. విమానం దిగింది. ఇంత మెత్తగా దిగడం నేనెప్పుడూ చూడలేదు, చక్రాలు నేలకి తగిలింది కూడా నాకు తెలియలేదు. నా మనస్సాక్షి అంతకంటే గట్టిగా తగులుతోంది.

షెడ్డు ముందు మల్లేశం అన్న నిలబడి ఉన్నాడు. నూనె కారిన ముక్కుని దూరం నుంచే చూశాడు. ఎర్రటి మనిషి బూడిద రంగుకి తిరిగాడు.

"నీ సీలు," అన్నాడు ముదీర్, దిగి.

మల్లేశం అన్న వాదించలేదు. "నేనే పెట్టిన సార్. తప్పుంటే నాదే ఉంటది," అని కట్టరు తీసుకుని, నేను కట్టిన వైరు తెంపడానికి వంగాడు. వైరుకి కట్టరు ఆనడం లేదు.

ఇక నావల్ల కాలేదు.

"అన్నా, ఆగు. అది ఇంజను నూనె కాదు."

"మరేం నూనె రా?"

"ప్రార్థన నూనె."

మల్లేశం అన్న రేకు మీద వేలితో తుడిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, నన్ను చూసి, మళ్ళీ వాసన చూశాడు.

"సార్, ఇంజను తలల పూలు పెట్టుకున్నది."

ముదీర్ నా ముందు చెయ్యి చాపాడు. సీసా తీసి ఇచ్చాను. తలకిందులుగా పట్టుకుని చూశాడు. ఒక్క చుక్క కూడా రాలేదు.

"మొత్తమా?"

"మా అయ్యగారు ఒక్క బొట్టన్నారు సర్."

"మరి?"

"భయం ఎక్కువగా ఉంది సర్. డోసు పెంచాను."

ఆయన విమానం చక్రం పక్కన కూలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియక మేమిద్దరం నిలబడి ఉన్నాం. చివరికి కళ్ళు తుడుచుకుని అన్నాడు, "నేనూ ఎక్కేముందు ప్రతిసారీ దేవుడి పేరు తలుచుకుంటాను, దాస్. కానీ నోటితో."

తరవాత లేచి మల్లేశం అన్న భుజం మీద చెయ్యి వేశాడు. "నీ సీలుకి నా సలాం. లాగ్‌బుక్కులో రాయి, సీలు మంచిదే అని."

"కారణం ఏం రాయమంటరు సార్?"

"బయటి నూనె అని రాయి. ఎవరి నూనె అని అడిగితే నన్ను అడగమను." అని నా వైపు తిరిగాడు. "పంకా విప్పండి. కడగండి. మళ్ళీ బిగించండి. వైరు దాస్ కడతాడు."

నా ఉద్యోగం పోలేదు. మోకాళ్ళ మీద పడి స్తుతించబోతుండగా ఆయన వాక్యం పూర్తి చేశాడు.

"పంకా మీద చెయ్యి వేశాడు కాబట్టి మధ్యాహ్నం మళ్ళీ నాతో వస్తాడు."

వెళ్ళాను. సీసా లేదు, చుక్క లేదు. ఈసారి కళ్ళు తెరుచుకునే కూర్చున్నాను, అద్దం మీద దుమ్ము రేణువుని కూడా వదలకుండా చూస్తూ. దిగాక మల్లేశం అన్న వంగి, ముందు చూడకుండా ముక్కుతో పరీక్షించాడు. ఇప్పటికీ అలాగే చేస్తాడు. ఆ రోజు నా చెవిలో చెప్పిన మాట కూడా ఇప్పటికీ చెబుతాడు. "తమ్మీ, విశ్వాసం నువ్వు లోపట పెట్టుకో. నూనె ఇంజన్ల నేను పోస్త."

తరవాతి శుక్రవారం సంఘం ముందు నిలబడి నేను పైలట్‌ని కాదని సాక్ష్యం చెప్పాను. ముందు వరసలో కరుణ, "వంకాయల సంగతి కూడా చెప్పండి," అంది.

కాబట్టి ఈ సంఘం ఎదుటా, చదువుతున్న మీ ఎదుటా గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఎగిరే ఏ వస్తువు మీదా, అది గాలిపటమైనా సరే, ఇకమీదట నూనె పోయను. చెయ్యి పెట్టే ప్రార్థిస్తాను. సబ్బుతో కడిగి, ఆరబెట్టిన చెయ్యి.

ఇప్పుడు మీరూ నాతో తల వంచండి. పైకి వెళ్ళిన వాళ్ళందరూ క్షేమంగా దిగాలని, మల్లేశం అన్న సంతకానికి ఏ కీడూ రాకూడదని, ఒక్క బొట్టు అంటే ఒక్క బొట్టేనని నాకు ఎప్పటికీ గుర్తుండాలని అడుగుదాం. ఈ మూడోదాని కోసం కొంచెం గట్టిగా ప్రార్థించండి. ఆమేన్.