కారులో పద్యం

వానలో కారు అద్దాలకు ఆవిరి పడితే నాన్న గుర్తొస్తారు. నా చిన్నప్పుడు, విదేశంలో మౌంట్ ఆల్బర్ట్ అనే పేటలో ఫ్లాట్‌లో ఉండగా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, వెంటనే దిగకుండా కారులోనే కూర్చునేవారు. మూసిన అద్దాల వెనక నుంచి సన్నగా దీర్ఘాలు తీస్తున్న గొంతు వినిపించేది. ఆఫీసు కష్టాలకు ఏడుస్తున్నారనుకునేదాన్ని.

ఒక సాయంత్రం వెళ్లి అద్దం తట్టాను.

"డాడీ, జాబ్ మానెయ్. నాకు సైకిల్ వద్దులే."

నాన్న పగలబడి నవ్వారు. "ఏడుపు కాదే తల్లీ, పద్యం! ఉగాది నాటకంలో నేనే కృష్ణుణ్ణి."

"ఆ రాగం ఇంట్లో తీస్తే పక్క ఫ్లాట్‌వాళ్లు పోలీసుల్ని పిలుస్తారు," అంది అమ్మ గుమ్మంలోంచి.

నన్ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మళ్లీ మొదలుపెట్టారు.

ఇప్పుడు నేనూ ఆఫీసు నుంచి వచ్చి కారులో కాసేపు ఊరికే కూర్చుంటాను. ఆయనకైతే పద్యం ఉండేది.