బోథ్ క్యాంపుల యాభై నంబరు

బోథ్‌కు డ్యూటీ పడ్డదని నాకు మొదలు చెప్పింది మా పోలీసు కంపెనీల కాయితాలు రాసే నర్సయ్య. కరీంనగర్ల బట్టలు ఆరేస్తుంటె వచ్చిండు. "సుజాతా, మూడు నెలలు. రేపు పొద్దుగాల అయిదింటికి లారీ. వానకోటు మరువకు," అన్నడు.

లారీ జగిత్యాల, నిర్మల్ మీదుగ పోయింది. పదకొండుంబావుకు దిగినం. సన్నటి వాన. మూతబడ్డ పత్తి జిన్నింగ్ మిల్లే క్యాంపు. రేకుల కప్పు, సిమెంటు నేల. నా సామాను ఒక ట్రంకు, ఒక చాప, వానకోటు, వైర్లు కత్తిరించే పట్కారు, లైను చూసే టెస్టరు. ట్రంకు మూత లోపల అంజన్న దేవుని ఫోటో.

ఊర్లె అందరు అడుగుతరు, బందూకు కొట్టినవా అని. కొట్టలే. నేను సిగ్నల్ విభాగంల అందరికంటె కింది ఆపరేటర్‌ను. అడివిల మూడు కాపలా పోస్టులుండె. మా క్యాంపుల మాస్టు, అంటె పొడుగు ఇనుప స్తంభం, దాని మీదికెల్లి వాటికి నెట్టు, ఫోను పోతుండె. ఏదన్న ఆగితే వాళ్లు నాకు ఫోను చేస్తరు. లైటు వెలుగుతుందా, వైరు సరిగ కూసున్నదా, నెట్టు పెట్టె బంద్ చేసి మళ్ల పెట్టిన్రా అని అడగాలె. టైము, పోస్టు, తప్పు, మందు, అంటె ఏం చేస్తె బాగైందో, రిజిస్టర్ల రాసి సంతకం పెట్టాలె. ఎవరు దేన్ని ముట్టుకున్నా రాయాలె. గదే మా కాడ చట్టం.

నాతోని ఇంకో ఆపరేటర్ ఉండె. గంగామణి. శ్రీరాంపూర్ బొగ్గుబాయి కార్మికుని బిడ్డ. నాకంటె రెండేండ్లు పెద్ద. పాలిటెక్నిక్ చదివింది. నేను బడికి పోలే. మా అవ్వ వంటింట్లనే పలక పట్టిచ్చింది, పది, ఇంటరు ఇంట్ల కూసోనే రాసిన. అవ్వ రుణం తీరేది కాదు. కని ఒక్కటి నేర్వలే. పక్క పిల్లను అడిగి తెలుసుకునుడు. నాకు పక్క పిల్ల లేకుండె.

మొదటి వారమే నాకు కుళ్లు పుట్టింది. రెండో పోస్టు నుంచి పదకొండు నలభైకి ఫోను, నెట్టు వస్తలేదని. నేను పన్నెండు ప్రశ్నలడిగిన. గంగామణి నా చేతిలకెల్లి ఫోను తీసుకున్నది.

"అన్నా, బియ్యం ఎసట్ల పోసిన్రా?"

"పోసినం చెల్లె. ఎందుకు?"

"కరెంటు కుక్కర్ ప్లగ్గు తియ్యి. గాడ మా పెట్టెది పెట్టు."

నెట్టు వచ్చింది. గదంత నవ్విన్రు. నేను సుత నవ్విన. లోపల మండింది.

ఇగ అప్పటికెల్లి ఎవరు ఫోను చేసినా ఒక్కటే మాట. మూడో పోస్టు హవల్దారైతె నా గొంతు వినంగనే, "నువ్వు కాదు బిడ్డ, జర గంగమ్మకియ్యి," అంటుండె. పట్నంల పెద్ద ట్రైనింగుకు మా క్యాంపు నుంచి ఒక్క సీటే ఉండె. ఇన్స్పెక్టర్ సారు ఎవరి పేరు పంపుతడో చెప్పనక్కర లేదు. పొద్దున అంజన్నకు దండం పెట్టుకుంట, సామీ, గామె ఒక్కపారి తప్పు చెయ్యాలె అని మొక్కిన. గసొంటి మొక్కు మొక్కొద్దని నాకు తెల్సు. అయినా మొక్కిన.

ఆగస్టుల ఒక మంగళారం, పొద్దున ఏడున్నరకు సారు పిలిచిండు. మెస్సు గదిల లాప్‌టాపుకు నెట్టు కావాలె, మీటింగున్నదన్నడు. పోయిన. వైరు పెట్టిన. దానికి నంబరు తనంతట తనకు దొరకలే. మా నెట్టుల ప్రతి పెట్టెకు ఒక నంబరుంటది, ఇంటి నంబరు లెక్క. ఏ నంబరు ఎవరిదో గంగామణి నోట్‌బుక్కుల ఉన్నది. ఆమె ఇరవై అడుగుల దూరంల చాయ తాగుతుంది. అడుగుడు నాకు పానం మీదికి వచ్చింది. యాభై ఖాళీగనే ఉంటది తియ్యి అనుకొని చేతితోని కొట్టిన. నెట్టు వచ్చింది. సారు, "షాబాష్," అన్నడు. మురిసిన. రిజిస్టర్ల రాయలే. రాస్తే నంబరు గంగామణి చూస్తది, అడుగుతది.

యాభై నంబరేమో మూడో పోస్టు ఫోనుది.

రెండిండ్లకు ఒక్కటే నంబరుంటె ఉత్తరం ఒకపారి గీ ఇంటికి, ఒకపారి గా ఇంటికి పోతది. తొమ్మిదింటి నుంచి మూడో పోస్టు ఫోను వచ్చుడు, పోవుడు. గుట్ట అడ్డమున్నది, వాళ్లకు చేతి వైర్‌లెస్ సెట్టు అందది. ఫోనే దిక్కు. ఎనిమిది మందున్నరు, వాగు ఆవల. వాన పెరుగుతుంది. సారు పరేషాన్ అయితుండు. "నిన్నటి దాక మంచిగుండె కదా, ఎవలన్న ఏమన్న ముట్టిన్రా?" అని గంగామణి అందర్ని అడిగింది. నన్ను సుత అడిగింది. అప్పటికి నాకు నిజంగనే తట్టలే. లేదన్న.

మూడింటికి వాన జర ఆగంగనే ఆమె నడుముకు బెల్టు కట్టుకొని మాస్టు ఎక్కింది. మూడుంబావుకు, సారు మీటింగు అయిపోయిందని, నేను మెస్సుల లాప్‌టాపు తీయబోయిన. తెర మీద రాసున్నది, గీ నంబరు ఇంకొకరిది అని. వైరు గుంజిన. బయట ఆమె పైన మర బిగిస్తుంది. అయిదు నిమిషాలకు మూడో పోస్టు పలికింది.

అందరు కింద నిలబడి చప్పట్లు. "గంగమ్మ చెయ్యి పడ్డదంటె సచ్చిన లైను లేస్తది," అన్నడు డ్రైవర్.

నా కడుపు మంట ఏం చెప్పాలె? బాగు చేసింది నేను. ఆ మాట చెప్పాలంటె చెడగొట్టింది నేనేనని సుత చెప్పాలె.

కని గంగామణి నవ్వలే. రిజిస్టరు తీసి, 'మందు' అన్న కాడ "తెల్వది" అని రాసింది.

"గదేంది?" అన్నడు సారు.

"సార్, మర వదులు లేకుండె. నేను బాగు చేయలే. దానంతట అదే వచ్చింది. దానంతట అదే పోతది. రేప్పొద్దున కొత్త పెట్టె పట్టుకొని మూడో పోస్టుకు పోత."

"వాగు నిండున్నది."

"తాడు కట్టుకుంట సార్."

నేను అక్కడనే ఉన్న. తెల్లారేదాక నోరు తెరువలే.

పొద్దున ఆరున్నరకు జీపు పోయింది. నేను వైర్‌లెస్ సెట్టు ముందల కూసున్న. ఎనిమిది అయిదుకు డ్రైవర్ గొంతు: "కంట్రోల్, వాగు కాడున్నం. గంగామణి దిగింది. నడుము దాక నీళ్లు. ఓవర్."

అప్పుడు మొక్కడానికి సుత నాకు మొకం లేకుండె. బటను ఒత్తిన. "ఎనుకకు గుంజున్రి. తప్పు గాడ లేదు. మెస్సుల నేనే ఒక నంబరు పెట్టిన. ఓవర్."

ఏం వినరాలే. మళ్ల డ్రైవర్ అరుపు, "కాలు జారింది, పట్టుకో, తాడు పట్టుకో!" సెట్టు గురగుర అన్నది. పన్నెండు నిమిషాలు. నేను గడియారం చూసుకుంట కూసున్న. ఆ తర్వాత ఆమె గొంతు, ఎగపోసుకుంట.

"సుజా, ఏ నంబరు పెట్టినవ్?"

"యాభై, అక్కా."

"రిజిస్టర్ల రాయి. టైముతోని రాయి. వస్తున్న."

రాసిన. సారుకు చెప్పిన. పదిహేను రోజులు పొద్దుమాపు వీపు మీద సంచి మోసుకుంట ఉరికిచ్చిండు, అది నాకు దక్కాల్సిందే. కని, బోథ్ కంట్రోల్ మీద భరోస లేదని ట్రైనింగు సీటు ఇంకో కంపెనీకి ఇచ్చిండు. అది గంగామణికి దక్కాల్సింది కాదు. ఆమె నన్ను ఒక్క మాట అనలే. నోట్‌బుక్కులకెల్లి నంబర్ల కాయితం చింపి గోడకు అంటిచ్చింది, "నేను ముందే పెట్టాల్సుండె," అన్నది. గంత మంచితనానికి సుత నాకు కుళ్లే అయింది. తిడితే బాగుండుననుకున్న.

అక్టోబరుల తిరిగొచ్చినం. తర్వాత రెండేండ్లకు నేను నౌకరి ఇడిసి హుజూరాబాద్ వచ్చిన. దేవుని దయ, అంత మంచిదే. ఆమె ఇంక ఫోర్సులనే ఉన్నది. ఎక్కడున్నదో తెల్వది.

వాగు నేను చూడలే. నేను చూసింది ఆమె వాపసు వచ్చుడు. రొమ్ముల దాక తడిసున్నది, మోకాలు పగిలింది, కొత్త పెట్టె మాత్రం పాలితీను కవర్ల పొడిగున్నది. సక్కగ రిజిస్టరు కాడికి వచ్చి వంగి చదివింది. అంగి చేతి కొసకెల్లి నీళ్లు కారుతున్నయి. నా రాత తడవద్దని చెయ్యి ఎడంగ పట్టుకొని, పేజీని ముట్టకుండ, కొస దాక చదివింది.

మీరు దండం పెట్టుకునేటప్పుడు ఒక పేరు కలుపుకోండ్రి. గంగామణి, శ్రీరాంపూర్. నేను చెప్పిన అని ఆమెకు తెల్వనక్కర లేదు.